చిల్లు పెట్టని బూటు

పోయినవారం యూనిస్ వైట్‌కాఫ్‌ని వంటింటి బల్ల దగ్గర, పేపరు ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. వారం తిరిగింది. ఆవిడ ఇంకా ఆ బల్ల దగ్గరే ఉంది. పేపరే పాపం టీ మరకలు పడి, మడతల దగ్గర చిరిగి, ఆఖరికి బంగాళాదుంపల తొక్కల కిందికి చేరింది.

అందులో ఏముందో మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. కెనడాలో ఎల్క్ క్రాసింగ్ ఊళ్ళో క్రీ అనే ఆదివాసీ జనం నడుపుకునే స్నేహకేంద్రానికి తొమ్మిదేళ్ళుగా డైరెక్టరుగా ఉన్న జొవాన్ వైట్‌కాఫ్ క్రీ మనిషి కాదు. పసితనంలో సర్కారువాళ్ళు రిజర్వు అనే ఆదివాసీ వాడ నుంచి ఎత్తుకుపోయి తెల్లవాళ్ళకి పెంపకానికిచ్చిన పిల్లా కాదు. వెయ్యిమైళ్ళ అవతల ఒంటారియోలో, ఇనప సామాన్ల కొట్టు నడిపే ఒక తెల్లకుటుంబంలో పుట్టి పెరిగింది. తల్లి ఇంకా బతికే ఉంది, ఎనభైయారేళ్ళు. "జొవాన్ మా ఊరి ఆస్పత్రిలోనే పుట్టింది. నాకు బాగా గుర్తు. నేనక్కడే ఉన్నాను" అని విలేకరికి చెప్పిందట.

పద్నాలుగేళ్ళ కిందట ఈ జొవాన్‌ని స్నేహకేంద్రం హాల్లో నిలబెట్టి, "ఇది మా అక్క రోజలీ కూతురు, పోయిన బిడ్డ తిరిగొచ్చింది" అని నలుగురికీ చెప్పిన మనిషి యూనిస్. తన చేత్తో కుట్టిన నక్షత్రం బొంతని ఆవిడ భుజాల చుట్టూ కప్పిందీ యూనిసే. పేపర్లో వేసిన ఫోటో కూడా అదే. బొంతలో జొవాన్, పక్కన పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ యూనిస్. డెబ్భైరెండేళ్ళ జీవితంలో ఆవిడ పేపరుకెక్కడం అదొక్కసారే.

ఇక ఊరి సంగతి. ఎల్క్ క్రాసింగ్‌లో జొవాన్‌ని మొదట్నుంచీ అనుమానించనివాళ్ళు ఒక్కరూ లేరని ఈ వారంలోనే తేలింది. పద్నాలుగేళ్ళు ఎవరూ నోరు విప్పలేదన్న మాట నిజమే. ఇప్పుడు మాత్రం ఎవరికి ఎప్పుడు అనుమానం వచ్చిందో తేదీలతో సహా చెప్తున్నారు. చాకిరేవు మిషన్ల కొట్లో ఒకావిడ, జొవాన్ నవ్వులో ఏదో తేడా ఉందని పదకొండేళ్ళ కిందటే తన మొగుడికి చెప్పిందట. మొగుడు చనిపోయాడు, కాబట్టి సాక్ష్యం అడగడానికి లేదు. రేడియోలో పొద్దున్న కార్యక్రమానికి ఫోన్ చేసినవాళ్ళలో సగంమంది జైల్లో వెయ్యాలన్నారు, పావుమంది ఏడ్చారు, తక్కినవాళ్ళు బింగో వేళల గురించి అడిగారు. ఒక ముసలాయన మాత్రం, "ఆవిడ ఎవరైతే నాకేంటి, వృద్ధుల హాల్లో చలికి వేడినిచ్చే కొలిమి బాగుచేయించింది. కొలిమికి కులగోత్రాలు తెలీవు, వెచ్చగానే ఉంది" అన్నాడు. ఆయన్ని ఆ రోజంతా తిట్టారు.

మంగళవారం బొంతలు కుట్టుకునే ఆడవాళ్ళు చేరే రోజు. యూనిస్ వెళ్ళింది. వెళ్ళకపోతే భయపడిందనుకుంటారని వెళ్ళింది. సూదిలో దారం ఎక్కించేలోపే వెల్మా మొదలుపెట్టింది. వెల్మా వరసకి చెల్లెలు, పక్క వీధి, నాలుక మాత్రం మూడు వీధుల పొడుగు.

"నాకు మొదటి రోజే తెలుసక్కా. దుప్పిమాంసం సూపులో రొట్టె ముంచుకోకుండా, పక్కన పెట్టుకుని ఫోర్కుతో పొడుచుకు తింది."

"మరి అప్పుడే చెప్పాల్సింది."

"చెప్తే వినేదానివా? 'రోజలీ కళ్ళే, రోజలీ కళ్ళే' అని మురిసిపోయావు. రోజలీ కళ్ళు నల్లనివి అక్కా. దీనివి పిల్లికళ్ళు."

తలలు వంచుకుని కుడుతున్న నలుగురైదుగురు కిసుక్కున నవ్వారు. యూనిస్ కూడా నవ్వబోయింది. అంతలో వెల్మా గొంతు మారింది.

"మా షానా కూడా ఆ డైరెక్టరు ఉద్యోగానికి వెళ్ళింది, గుర్తుందా? యూనివర్సిటీ చదువు చదివి, పుట్టినప్పట్నుంచీ ఈ ఊళ్ళో ఉన్న పిల్ల. ఎంపిక చేసేవాళ్ళలో నువ్వూ ఉన్నావు. 'సంప్రదాయంతో గట్టి సంబంధం ఉన్నవాళ్ళు కావాలి' అని రాసి పంపారు నా పిల్లకి. ఆ ఉత్తరం ఇప్పటికీ దాని దగ్గరుంది. సంప్రదాయం! దీనికి!"

ఎవరూ నవ్వలేదు. యూనిస్ దారం తెంపి, సూది దిండుకి గుచ్చి, కోటు వేసుకుని వచ్చేసింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని కాస్త నెమ్మదిగానే నడిచింది.

ఆ వారంలో ఫోన్ మోగింది రెండేసార్లు. రెండూ కొత్త గొంతులే. పేపర్లో యూనిస్ చెప్పిన కథంతా వేశారు కదా, సర్కారు కారు వచ్చి బిడ్డని ఎత్తుకుపోయిన రోజు చుట్టి ఉన్న పసుపుపచ్చ దుప్పటితో సహా. "ఆ దుప్పటి పాపని నేనే" అందొకావిడ, పుట్టిన సంవత్సరం అడిగితే పన్నెండేళ్ళు తేడాగా చెప్పింది. రెండో ఆవిడ, ఇంట్లో ఇంకో గది ఖాళీగా ఉందా అని అడిగింది. యూనిస్ రెండుసార్లూ మర్యాదగానే ఫోన్ పెట్టేసింది. ప్రతి ఆదివారం సరిగ్గా ఆరింటికి మోగే ఫోన్ మాత్రం ఈ ఆదివారం మోగలేదు. అది జొవాన్ ఫోను. ఆరు దాటి, ఏడు దాటి, కెటిల్ రెండుసార్లు మరిగి చల్లారిపోయింది. మోసం చేసిన మనిషి ఫోన్ కోసం ఎదురుచూడటం ఏమిటని తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఎదురుచూసింది.

శనివారం పదకొండింటికి హాల్లో సమావేశం. జొవాన్ ఉండాలో పోవాలో తేల్చేది ఆ రోజే. యూనిస్ వచ్చి మాట్లాడాలని వరసకి మరిదయ్యే కేంద్రం బోర్డు పెద్ద క్లిఫర్డ్ కబురు పంపాడు. "నువ్వే తెచ్చావు కదా వదినా, నువ్వే చెప్పాలి" అన్నాడు. ఏం చెప్పాలో అతనూ చెప్పలేదు.

ఆ పొద్దున తొమ్మిదింటికి వాకిట్లో పార చప్పుడయ్యింది.

ముందురోజే తొలిమంచు పడింది. మెట్ల మీద మంచు చెక్కుతున్న చప్పుడది. ఒక మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు విరిగి ఉంటుంది, అక్కడ పారని కాస్త వంచాలి. ఆ సంగతి తెలిసిన చెయ్యి ఊళ్ళో ఒక్కటే. యూనిస్ కదలకుండా కూర్చుని ఐదు మెట్లూ అయ్యేదాకా విన్నది. వారం రోజుల్లో ఆ ఇంటి చుట్టుపక్కల వినపడ్డ మొదటి మనిషి చప్పుడు అది.

జొవాన్ లోపలికొచ్చింది. బూట్లు విప్పి, తలుపు పక్కనున్న ఊలు చెప్పులు తొడుక్కుంది. పద్నాలుగేళ్ళుగా ఆ చెప్పులు ఆవిడవే. తొడుక్కున్నాక గుర్తొచ్చినట్టుంది, విప్పాలా వద్దా అని ఓ క్షణం ఆగింది.

"ఉండనీ. నేల చల్లగా ఉంది" అంది యూనిస్.

జొవాన్ వారంలో చిక్కిపోయింది. జుట్టుకి ఎప్పుడూ వేసే రెండు జడలు లేవు, వదులుగా వెనక్కి కట్టుకుంది. పెద్ద సంచీ ఒకటి కుర్చీలో పెట్టి, జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి యూనిస్ ముందుంచింది. ఎర్రగుడ్డలో కట్టిన పొగాకు. పెద్దవాళ్ళని ఒక సాయం అడిగేటప్పుడు ముందు పొగాకు పెట్టాలి. వాళ్ళు చేత్తో తీసుకున్నారంటే ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి పోవడానికి ఉండదు. ఊళ్ళో కుర్రాళ్ళు సగంమంది ఇది మర్చిపోయి సిగరెట్టు పెట్టె విసిరేసి పోతారు. జొవాన్ ఏనాడూ మర్చిపోలేదు. అసలువాళ్ళు మర్చిపోయినవన్నీ ఆవిడకి గుర్తుండేవి. అదైనా చూసి తెలుసుకోవాల్సింది, అనుకుంది యూనిస్.

మూట ముట్టుకోలేదు.

"టీ పొయ్యనా పిన్నీ?"

"మరుగుతోంది. పోసుకో."

డబ్బా పాలు ఎక్కడున్నాయో, చక్కెర ఏ జాడీలో ఉందో జొవాన్ చేతులకి తెలుసు. యూనిస్ కప్పులో రెండు చెంచాలు వేసింది. డాక్టరు ఒకటే అన్నాడు. ఇద్దరికీ తెలుసు.

"ఒక్క మాట చెప్తే చాలు పిన్నీ. నన్ను దత్తత చేసుకున్నానని. మన ఆచారంలో ఉన్నదేగా, పెద్దవాళ్ళు నలుగురి ముందు 'నా బిడ్డ' అంటే..."

"మన?"

జొవాన్ కప్పు కింద పెట్టింది. "మీ ఆచారంలో. రక్తం అక్కర్లేదుగా. నువ్వు బొంత కప్పావు, అందరూ చూశారు. అది చాలంటున్నాడు లాయరు."

"లాయరు కూడా నేర్చుకున్నాడూ మా ఆచారం? మంచిదే. వచ్చేసారి పొగాకు కూడా తెమ్మను."

"నన్ను పంపించేస్తారు పిన్నీ ఇవాళ."

"పంపిస్తారు."

"పద్నాలుగో తారీకు నీకు కంటి డాక్టరు. సిటీకి ఎవరు తీసుకెళ్తారు? బస్సు ఎత్తేసి ఏళ్ళయింది."

యూనిస్ ఫ్రిజ్ వైపు చూసింది. బెదిరింపు అయ్యుంటే బాగుండేది, తిట్టడానికి వీలుండేది. జొవాన్ నిజంగానే అడుగుతోంది. అపాయింట్‌మెంటు కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించింది కూడా తనే.

"ఎందుకు చెప్పావు నాకు? ఎవరో ఒకళ్ళ కూతుర్నని చెప్పుకున్నా సరే అనుకుందాం. రోజలీ కూతుర్నని ఎందుకు చెప్పావు?"

జొవాన్ తలెత్తి చూసింది.

"నేను చెప్పలేదు పిన్నీ."

"ఏంటీ?"

"గుర్తు తెచ్చుకో. హాల్లో, సూపు గిన్నె దగ్గర. మా ఇంట్లో నాకెప్పుడూ ఆ ఇంటిదాన్నని అనిపించలేదన్నాను. అంతే అన్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. 'నిన్ను ఎత్తుకుపోయారా తల్లీ?' అన్నావు. నేనేం మాట్లాడలేదు. 'అరవైయేడులోనా?' అన్నావు. నేను పుట్టింది అరవైయెనిమిది. తల ఊపాను. 'పసుపుపచ్చ దుప్పటి అని ఎవరైనా చెప్పారా నీకు?' అన్నావు. మా అమ్మమ్మ ఇంట్లో ఒక పసుపు దుప్పటి ఉండేది. అవునన్నాను. అప్పటికే నువ్వు ఏడుస్తున్నావు."

బయట ఏదో కొమ్మ మీంచి మంచు జారిపడింది.

యూనిస్‌కి ఆ మధ్యాహ్నం అంతా కళ్ళ ముందుకొచ్చింది. ఈసారి వేరేవైపు నుంచి చూస్తున్నట్టు వచ్చింది. ఊళ్ళో కొత్త మనిషి కనపడితే మొదట అడిగేది ఎవరి మనవరాలివని. తాతముత్తాతల దాకా తవ్వి, ఎక్కడో ఒకచోట చుట్టరికం కలిసేదాకా వదలరు. కానీ ఎత్తుకుపోయిన పిల్లలు తిరిగొస్తే ఆ ప్రశ్న అడగరు. వాళ్ళకి జవాబు తెలీదు. కాగితాలు చూపించమనీ, రుజువేదనీ అడగడం ఆఫీసువాళ్ళ పని. గుమ్మంలోకి వచ్చిన బిడ్డని అలా అడగడం పాపం. అందుకే ఊరు ఊరంతా ఒక మర్యాద పెట్టుకుంది. అడగకుండా కూర్చోబెట్టి, సూపు పోసి, గుర్తులన్నీ తామే చెప్పేవాళ్ళు. ప్రశ్నలోనే జవాబు పెట్టి అందించేవాళ్ళు.

"కాదని ఒక్కసారి అనాల్సింది" అంది మెల్లగా.

"మొదటిరోజు అందామనుకున్నా. అంతలో బొంత కప్పావు. ఎలా విప్పమంటావు? మా ఊళ్ళో నేను నలభై రెండేళ్ళున్నాను పిన్నీ. నన్ను చూసి ఏడ్చినవాళ్ళు ఒక్కరూ లేరు."

యూనిస్‌కి ఆవిడ మీద జాలి వేసింది. జాలి వేసినందుకు ఒళ్ళు మండింది.

"అది నీ కోసం ఏడవలేదు" అంది.

ఇద్దరూ టీ తాగారు. జొవాన్ కప్పులు కడిగి బోర్లించింది. కుర్చీలో సంచీ విప్పి చూపించింది. నక్షత్రం బొంత. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా రంగు తగ్గలేదు, జాగ్రత్తగా వాడుకుంది.

"తీసుకో పిన్నీ. నాది కాదుగా."

"ఇచ్చింది తీసుకోను. అది మా ఆచారం. లాయరు చెప్పలేదూ?"

జొవాన్ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఊలు చెప్పులు గుమ్మం దగ్గర ఉండిపోయాయి. పొగాకు మూట బల్ల మీద ఉండిపోయింది.

యూనిస్ లేచి, బీరువాలో అడుగు సొరుగు లాగి, పాత బిస్కెట్ల డబ్బా తీసింది. జొవాన్‌కి ఏమేం చెప్పిందో వేళ్ళ మీద ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. దుప్పటి చెప్పింది. నల్లకారు చెప్పింది. రోజలీ చనిపోయేదాకా కిటికీ దగ్గరే కూర్చున్న సంగతీ చెప్పింది. చెప్పనిది ఒక్కటే. అది జొవాన్‌కే కాదు, రోజలీకి కూడా చెప్పలేదు.

డబ్బాలో ఒక చిన్న తోలు బూటు ఉంది, బొటనవేలికన్నా కాస్త ఎక్కువ పొడుగు. అరికాల్లో శనగగింజంత చిల్లు. పసిబిడ్డల బూట్లకి అలా చిల్లు పెట్టాలి. ఎక్కడినుంచైనా ఎవరైనా వచ్చి బిడ్డని రమ్మని పిలిస్తే, "నా బూట్లు చిరిగిపోయాయి, అంతదూరం నడవలేను" అని చెప్పుకోవడానికి. యూనిస్ పదిహేనేళ్ళ వయసులో అక్క బిడ్డకి కుట్టిన జత అది. ఒకటి పూర్తయ్యింది, చిల్లు కూడా పెట్టింది. రెండోదానికి మడమ దగ్గర తెల్లదారం అయిపోతే, తమ్ముడి మేజోడులోంచి ఎర్ర ఊలు లాగి కుట్టు ముగించింది. అప్పటికే చీకటి పడుతోంది. చిల్లు రేపు పెడదాంలే అనుకుంది.

ఆ రేపు కారు వచ్చింది. రోజలీ పొలం పనికి వెళ్ళింది. బిడ్డ యూనిస్ ఒళ్ళో ఉంది. సర్కారువాళ్ళు లాక్కునేటప్పుడు బిడ్డ కాళ్ళు కొట్టుకుంటే ఒక బూటు ఊడి బురదలో పడింది. అలా చిల్లున్న బూటు ఇక్కడే ఉండిపోయింది. చిల్లు లేని బూటు కారెక్కి వెళ్ళిపోయింది.

యూనిస్ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే మంచివాడు దొరకలేదనేది. అందరూ నమ్మారు, ఊళ్ళో మగవాళ్ళని చూసినవాళ్ళు ఎవరైనా నమ్ముతారు.

సమావేశానికి హాలు నిండిపోయింది. సూపు గిన్నెలు వెనక బల్ల మీద పొగలు కక్కుతున్నాయి, ఎవరూ వాటివైపు చూడలేదు. ఆ హాల్లో అలా జరగడం అదే మొదటిసారి. జొవాన్ పక్క తలుపు దగ్గర ఒంటరిగా కూర్చుంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని. ఆవిడకి అటూ ఇటూ మూడేసి కుర్చీలు ఖాళీ. యూనిస్ మధ్య వరసలో కూర్చుంది. కాసేపటికి తన పక్కన కూడా ఖాళీయేనని గమనించింది.

క్లిఫర్డ్ లేచి ఏదో చదివాడు. "మైకులో చెప్పు!" అని ఎవరో, "మైకు పాడైంది, అది కూడా ఆవిడే కొన్నది" అని ఇంకెవరో అరిచారు. నవ్వులు. తర్వాత క్లిఫర్డ్ నడిచి వచ్చి యూనిస్ ముందు వంగి, పొగాకు మూట అందించబోయాడు.

"వద్దులే మరిదీ. ఇవాళ పొగాకు లేకుండానే మాట్లాడతాను" అంది యూనిస్, ముందు కుర్చీ పట్టుకుని లేస్తూ.

వందమంది మొహాలు ఇటు తిరిగాయి. జొవాన్ మొహం కూడా.

దత్తత అన్న ఒక్క మాట చాలు. ఆదివారం ఫోన్ మోగుతుంది. మెట్ల మీద మంచు పోతుంది. కంటి డాక్టరు దగ్గర పేరు పిలిచినప్పుడు కోటు పట్టుకునే మనిషి ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం కూడా పూర్తిగా కాదు.

"జొవాన్ నా రోజలీ కూతురు కాదు" అంది. "నేను దత్తత చేసుకున్నానని కూడా అనుకోకండి. దత్తత తీసుకునేవాళ్ళకి ఎవర్ని తీసుకుంటున్నామో తెలిసుండాలి. నేను గుర్తుపట్టాననుకున్నాను. రెండూ ఒకటి కాదు."

హాల్లో గుసగుస మొదలైంది. ఎవరో చప్పట్లు కొట్టబోయారు.

"చప్పట్లు ఆపండి. ఆవిడ కాదని అనలేదు, అది ఆవిడ తప్పు. నేను అడగలేదు, అది నా తప్పు. మీరెవరూ కూడా అడగలేదు. పద్నాలుగేళ్ళ నుంచీ అందరికీ అనుమానమేనట కదా." వెల్మా తల వంచుకుంది. యూనిస్ హాలంతా వెతికి, గోడకి ఆనుకుని నిలబడ్డ వెల్మా కూతురు షానా దగ్గర చూపు ఆపింది. "షానా, నీకు పంపిన ఉత్తరం మీద నేనూ సంతకం పెట్టాను. ఆ సంతకం తప్పు. అది ఇంటికొచ్చి చెప్పాల్సిన మాట. నీ మొహం చూడలేక ఇక్కడ చెప్తున్నాను."

షానా ఒక్కసారి తల ఊపి బయటికి వెళ్ళిపోయింది.

"బొంత వెనక్కి తీసుకో!" అని వెనక నుంచి ఒక గొంతు.

"తీసుకోను. చలికాలం వస్తోంది" అని కూర్చుంది యూనిస్.

ఓట్లు చేతులెత్తి వేశారు. పోవాలన్న చేతులే ఎక్కువ లేచాయి. జొవాన్ లెక్క పూర్తయ్యేదాకా ఉండలేదు. పక్క తలుపు తెరుచుకుంది, చల్లగాలి ఒక్కసారి లోపలికొచ్చింది, తలుపు మూసుకుంది. అందరూ సూపు బల్ల వైపు కదిలారు. యూనిస్ గిన్నె పట్టుకుని తన కుర్చీలోకి వచ్చింది. పక్కన ఎవరూ కూర్చోలేదు. కోపం వల్ల అనుకోవడానికి లేదు. ఏం మాట్లాడాలో తెలీనప్పుడు మనుషులు ఇంకోచోట కూర్చుంటారు. రొట్టె సూపులో ముంచుకుని, నిదానంగా, ఆఖరి ముక్క దాకా తిని లేచింది.

ఇంటికొచ్చేసరికి నాలుగు కావస్తోంది. పొద్దున చెక్కిన మెట్ల మీద మళ్ళీ పలచగా మంచు పేరుకుంది. లోపలికొచ్చి బూట్లు విప్పింది. ఊలు చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. బల్ల మీద బిస్కెట్ల డబ్బా మూత తెరిచే ఉంది.

బల్ల పక్కన గోడకున్న ఫోన్ మోగింది.

జొవాన్ అయ్యుంటుంది. తీయకూడదనుకుంది. నాలుగో మోతకి తీసింది.

"యూనిస్ వైట్‌కాఫ్ గారేనా అండీ? దయచేసి పెట్టేయకండి. నాకేం అక్కర్లేదు." ఆడమనిషి గొంతు, కాస్త బొంగురు, ఈ ప్రాంతం యాస కాదు.

"అందరూ అలాగే అంటారమ్మా. పసుపుపచ్చ దుప్పటేనా?"

"దుప్పటి సంగతి నాకు తెలీదండీ. పేపర్లో చదివాను, నా దగ్గర మాత్రం ఏ దుప్పటీ లేదు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "నా పేరు గ్వెన్. పెన్సిల్వేనియాలో ఉంటాను. ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపాను, ఈమధ్యే మానేశాను. నన్ను కెనడా నుంచి తెచ్చుకున్నారని మాత్రం తెలుసు. పెంచినమ్మ పోయాక ఆవిడ సొరుగులో ఒక చిన్న తోలు బూటు దొరికింది. ఒక్కటే. జత లేదు."

యూనిస్ గోడకి ఆనుకుంది.

"మా ఊరి మ్యూజియంలో చూపించాను. అక్కడావిడ అటూఇటూ తిప్పి చూసి, అక్కడి పసిపిల్లల బూట్లకి అరికాల్లో చిల్లుంటుంది, దీనికి లేదు, ఏదో బజార్లో యాత్రికులకి అమ్మేది అయ్యుంటుందంది. అందుకే పన్నెండేళ్ళు ఊరుకున్నానండీ. చిల్లు లేదుగా, నాది కాదులే అనుకున్నాను. మొన్న ఆ ఫోటోలో మీ నవ్వు చూశాను. అద్దంలో చూసినట్టుంది. అయినా పేపర్లో అంతా చదివాక మీకు ఫోన్ చెయ్యడానికి సిగ్గేసింది. మీరు ఇంకొకళ్ళని ఎందుకు నమ్ముతారు?"

యూనిస్ చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. బూటు అరచేతిలోకి వచ్చింది. నాలుక మీద 'తల్లీ' అన్న మాట తయారుగా ఉంది, దాని వెనకే 'ఎర్ర ఊలుతో కుట్టి ఉందా?' అన్న ప్రశ్న కూడా. రెండింటినీ పళ్ళ వెనకే ఆపింది.

"అమ్మాయ్, అది నీ దగ్గరుందా ఇప్పుడు?"

"చేతిలోనే ఉందండీ."

"నేనేమీ అడగను. నువ్వే చెప్పు. ఏది కనపడితే అది, నెమ్మదిగా. మడమ దగ్గర్నుంచి మొదలుపెట్టు."

"మడమా..." కాగితం విప్పిన చప్పుడు. "కుట్లు చిన్నచిన్నవి, తెల్లదారం. పైదాకా వచ్చి... ఇక్కడ కుట్టు మారిందండీ. దారం వేరేది. లావుగా ఉంది. రంగేంటంటే... ఇక్కడ వెలుతురు చాలట్లేదు. ఆగుతారా, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తాను."

"ఆగుతాను" అంది యూనిస్.

ఆ పక్క రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అడుగుల చప్పుడు దూరమైంది. ఎంత పెద్ద ఇల్లో ఏమో, కిటికీ దాకా అన్ని అడుగులున్నాయి. యూనిస్ యాభైయేడేళ్ళు ఎలాగో ఆగింది. ఆ కొన్ని అడుగులకి మాత్రం నిలబడలేకపోయింది. చిల్లున్న బూటుని గుప్పిట్లో బిగించి పట్టుకుని, గుమ్మం పక్కన ఊలు చెప్పుల దగ్గర నేల మీదే కూలబడింది. రిసీవరు చెవికి అలాగే ఉంది.

పరదా లాగిన చప్పుడైంది. కాసేపు ఏమీ లేదు.

అడుగులు తిరిగొస్తున్నాయి. వెళ్ళేటప్పటికన్నా వేగంగా.